ఖీర్‌గంగా వేడినీళ్ల గుండం: అమ్మతో, తొమ్మిదేళ్ల పిల్లాడితో వెళ్లొచ్చా?

#1 పెద్దచెరువు_కట్ట

హైదరాబాద్ నుంచి నలుగురం. నేను, మా ఆవిడ, 9 ఏళ్ల బాబు, మా అమ్మ. అమ్మకి 61, బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, మోకాళ్లు పర్లేదు, పొద్దున్నే పార్కులో 4 కిలోమీటర్లు నడుస్తుంది. దసరా సెలవుల్లో హిమాచల్ ప్రదేశ్ పార్వతి లోయలో ఉన్న ఖీర్‌గంగాకి అనుకుంటున్నాం. కసోల్ దాకా ఎలా వెళ్లాలో తెలుసు. తెలియనివి నాలుగు: ఏ దారిన ఎక్కాలి, రాత్రి పైన ఉండాలా వద్దా, బీపీ ఉన్నవాళ్లు గుండంలో దిగొచ్చా, ఆడవాళ్లకి విడిగా చోటుందా. యూట్యూబ్ నిండా డ్రోన్ షాట్లే. వీటికి జవాబు ఒక్కరూ చెప్పట్లేదు.

#2 దేవదారు_నీడ

ముందు దారి సంగతి. బస్సైనా కారైనా బర్షైనీ వరకే. అక్కడ ఎత్తు దాదాపు 2,200 మీటర్లు, గుండం 2,950 పైచిలుకు. అంటే 750 నుంచి 800 మీటర్లు ఎక్కాలి, ఒక వైపు 11, 12 కిలోమీటర్లు నడవాలి. మళ్లీ అంతా దిగాలి.

దారులు ముఖ్యంగా రెండు. నక్తాన్ దారి ఊరి మీదుగా పోతుంది. మధ్యలో టీ కొట్లు, ఢాబాలు, మనుషుల అలికిడి ఉంటాయి. రుద్రనాగ్ జలపాతం ఈ దారిలోనే వస్తుంది. అది దాటాక పార్వతి నది మీద వంతెన, వంతెన అవతల దేవదారు అడవి. అసలు ఎక్కుడు అక్కణ్ణుంచే. అప్పటిదాకా ఒక మోస్తరుగా ఉన్న బాట ఒక్కసారిగా నిటారు అవుతుంది. చాలామంది రుద్రనాగ్ దాకా ఉత్సాహంగా పరిగెత్తి, ఆ చివరి భాగంలో కూలబడేది ఇందుకే.

రెండోది కల్గా ఊరి వైపు దారి, నదికి ఇవతల ఒడ్డున, మొదట్నుంచీ అడవిలోనే. నీడ బాగుంటుంది, చూడ్డానికి ఇదే అందం. కాకపోతే కొట్లు తక్కువ, వాగులు దాటాలి, పడిపోయిన మానుల మీంచి ఎక్కి దిగాలి, పశువుల కాపరుల బాటలు చీలుతూ ఉంటాయి. రాళ్ల మీద బాణం గుర్తులు చూసుకుంటూ పోవాలి. 15 నిమిషాలు నడిచినా గుర్తు కనబడకపోతే ముందుకు పోకుండా వెనక్కి రావాలి. పార్వతి లోయలో మనుషులు తప్పిపోవడం ఏళ్ల తరబడి జరుగుతున్నదే. అడ్డదారి, ఒంటరి నడక, చీకటి, ఈ మూడూ కలిస్తే వెతికేవాళ్లకి కూడా ఆచూకీ దొరకదు.

మీరు నలుగురూ పోనూ రానూ నక్తాన్ దారే. వేరే ఆలోచన పెట్టుకోకండి.

#3 ఇప్పపువ్వు

అన్నా, టైం లెక్క వేసుకో. చదును మీద గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట, ఇది నడిచేటోళ్ల పాత లెక్క. 11 కిలోమీటర్లకి 2 గంటల 12 నిమిషాలు, 800 మీటర్లకి గంటా 20, కలిపితే మూడున్నర. అది అలవాటున్నోళ్లకి. పెద్దామె, పిల్లగాడు ఉంటే ఒకటిన్నరతో గుణించు: ఐదుంబావు. కూసునుడు, తినుడు కలిపితే ఆరు. దిగడానికి నాలుగు. గుండం కాడ గంటన్నర. మొత్తం పదకొండున్నర గంటల పని.

గందుకే ఒక్క రోజులో పోయి రావాలంటే పొద్దున 5:30కి టార్చి పట్టుకొని బయల్దేరాలె. 8 గంటలకి హోటల్‌ల పరాఠా తిని బయల్దేరితే చీకట్ల దిగుడు తప్పదు.

#4 పెద్దచెరువు_కట్ట

అమ్మ అలిపిరి మెట్లు రెండేళ్ల కిందట ఎక్కింది. ఆ లెక్కన ఇది ఎంత కష్టం?

#5 దేవదారు_నీడ

మంచి కొలత అడిగారు. అలిపిరి బాట 3,550 మెట్లు, ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఎత్తు వరకు చూస్తే ఇదీ దాదాపు అంతే. తేడాలు మూడున్నాయి. అలిపిరిలో పైకప్పు, కుళాయిలు, సరిసమానమైన మెట్లు ఉంటాయి. ఇక్కడ రాళ్లు, వేర్లు, బురద. అలిపిరిలో దిగేటప్పుడు బస్సెక్కొచ్చు, ఇక్కడ ఎక్కిన కాళ్లతోనే దిగాలి. మోకాళ్లు పట్టేసేది దిగుడులోనే. మూడోది గాలి. 3,000 మీటర్లకి దగ్గరవుతుంటే ప్రతి అడుగుకీ ఆయాసం కాస్త ఎక్కువే.

పార్కులో 4 కిలోమీటర్ల చదును నడక దీనికి సాధన కాదు. ఇప్పటినుంచి ఆరు వారాలు, వారానికి నాలుగు రోజులు అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కించండి. 10 అంతస్తులతో మొదలుపెట్టి 40కి తేవాలి, లిఫ్ట్ వాడకుండా దిగడం కూడా అందులో భాగమే. 40 ఎక్కి దిగిన మర్నాడు మామూలుగా తిరగగలిగితే అమ్మగారిని తీసుకెళ్లొచ్చు. లేదంటే కింద గురుద్వారా ఉన్న మణికరణ్ ఊళ్లోనే వేడినీళ్లున్నాయి, రోడ్డు పక్కనే.

#6 గుడారం_మేస్త్రి

రాత్రి పైన ఉండాలా అని అడిగారు. గుండం చుట్టూ ఒకప్పుడు గుడారాల ఊరే ఉండేది. 2018లో కోర్టు ఆదేశాలతో అటవీ శాఖ తీయించేసింది. ఆ తర్వాత కూడా కొన్ని వెలుస్తూ, పోతూ ఉన్నాయి. కాబట్టి ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టకండి. ఏది అనుమతితో నడుస్తోందో బర్షైనీలో దిగాక అడిగి తెలుసుకోవచ్చు. ఇది ఖీర్‌గంగా నేషనల్ పార్కు పరిధి, 2010లో ప్రకటించారు, 710 చదరపు కిలోమీటర్లు. సొంత టెంటు ఎక్కడపడితే అక్కడ వేసే చోటు కాదు.

పైన ఉండే పక్షంలో ఒక లాభం మాత్రం నిజంగా ఉంది. జనం వెళ్లిపోయాక, తెల్లారకముందు గుండం ఖాళీగా దొరుకుతుంది. నష్టాలేంటంటే అద్దె రజాయిలు చెమ్మగా ఉంటాయి, మరుగుదొడ్లు అంతంతమాత్రం, అక్టోబర్ రాత్రుల్లో చలి సున్నాకి దగ్గరగా వస్తుంది. పిల్లాడికి రాత్రి తలనొప్పి, వాంతి మొదలైతే చీకట్లో కిందికి తెచ్చే దారి లేదు. నా ఓటు: ముందు రాత్రి, తర్వాత రాత్రి రెండూ కిందే, పైకి చేతి సంచులతో.

#7 ఆపిల్_తోట

కిందే అంటే కల్గాలో ఉండండి. చెక్క ఇళ్లు, ఆపిల్ తోటలు. బర్షైనీలో ఏముంది, డ్యామ్ దుమ్ము తప్ప?

#8 దేవదారు_నీడ

ఆపిల్_తోట గారూ, జంటగా వెళ్లేవాళ్లకి సరే. కల్గాకి రోడ్డు లేదు. సామానుతో డ్యామ్ దాటి అరగంట ఎక్కాలి. మర్నాడు నక్తాన్ దారి పట్టాలంటే మళ్లీ కిందికి దిగి అవతల ఎక్కాలి. ఆరు గంటల నడక ముందున్నప్పుడు పెద్దావిడతో ఆ అదనపు ఎక్కుడు దిగుడు దేనికి? బర్షైనీలో మామూలు గది చాలు. ట్రెక్ అయిపోయాక మూడో రోజు తీరిగ్గా కల్గా చూడొచ్చు.

#9 నాడి_పట్టు

ఇక బీపీ విషయం. నేను రాసేది డాక్టర్ మాటకి బదులు కాదు. వెళ్లేముందు ఆ మాత్ర రాసిన డాక్టర్‌నే అడగండి, "వేడినీళ్లలో కూర్చోవచ్చా" అని స్పష్టంగా. బీపీ మాత్రలు ఒక్కొక్కటీ ఒక్కోలా పనిచేస్తాయి. ఒంట్లో నీరు తీసేసే రకం అయితే జాగ్రత్త రెట్టింపు.

జరిగేదేంటంటే, వేడినీళ్లలో మునగగానే చర్మం కిందున్న రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ తగ్గుతుంది. అప్పటికే ఆరు గంటలు నడిచి చెమట రూపంలో నీళ్లు పోయి ఉంటాయి. కూర్చున్నంతసేపూ హాయిగానే ఉంటుంది, లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. గుండాల దగ్గర పడిపోయేది ఎక్కువగా అలా లేచేటప్పుడే, అదీ నున్నటి రాతి మెట్ల మీద.

కాబట్టి వరస ఇది. పైకి చేరగానే దిగొద్దు. అరగంట కూర్చుని అర లీటరు నీళ్లో ఓఆర్ఎస్సో తాగాలి, ఏదో కొంచెం తినాలి. మొదట గట్టు మీద కూర్చుని పాదాలు రెండు నిమిషాలు, తర్వాత నడుము దాకా, ఆ తర్వాత ఛాతీ దాకా. అమ్మగారు నడుము దాకా చాలు. పెద్దవాళ్లకి 10 నిమిషాలు, పిల్లాడికి 5. బయటికొచ్చి చల్లబడ్డాక కావాలంటే ఇంకోసారి. లేచేటప్పుడు ముందు గట్టు మీద ఒక నిమిషం కూర్చుని, పక్కన మనిషి ఉండగా నిలబడాలి.

అమెరికాలో హాట్ టబ్‌లకి పెట్టుకున్న పైహద్దు 40 డిగ్రీలు. ప్రకృతి గుండానికి అలాంటి మీట ఉండదు. నీళ్లు పడే గొట్టం దగ్గర వేడెక్కువ, దూరపు మూల తక్కువ. వంటింట్లో వాడే ప్రోబ్ థర్మామీటర్ చిన్నదే, జేబులో పడుతుంది. నాలుగు మూలలా పెట్టి చూడండి. అది లేకపోతే మోచేయి ముంచండి, అరచేయి కాదు. అరచేతికి వేడి అలవాటు.

గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, మందు తాగినవాళ్లు దిగకూడదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కాలినా తెలియదు, వాళ్లూ దూరంగా ఉండటమే మేలు.

#10 సంజీవని_కొండ

ఇవన్నీ అనవసరపు భయాలండీ. గంధకం నీళ్లు. ఎంతసేపు కూర్చుంటే అంత మంచిది. గజ్జి, కీళ్లనొప్పులు, సోరియాసిస్ అన్నీ పోతాయి. మన పెద్దలు థర్మామీటర్లు పట్టుకెళ్లారా?

#11 నాడి_పట్టు

కీళ్లనొప్పికి వేడి వల్ల కాసేపు ఉపశమనం దొరుకుతుంది, అది నిజమే. ఒక్క మునకతో రోగం పోదు. గజ్జి ఉన్నవాళ్లు నలుగురూ దిగే గుండంలో దిగకూడదు, అసలు రావాల్సింది మందుల షాపుకి. నడకలో కాలికి బొబ్బ చిట్లితే కూడా అంతే: ప్లాస్టర్ వేసుకుని గట్టు మీద కూర్చోవాలి. పారే నీళ్లే అయినా, వారాంతంలో వందలమంది దిగే చిన్న గుండం అది.

ఎక్కువసేపు సంగతి: 42 దాటిన నీళ్లలో ఒళ్లు వేడిని బయటికి పంపలేదు, చెమట పట్టినా ఆరదు. 50 డిగ్రీల నీళ్లు ఐదారు నిమిషాల్లో, 60 డిగ్రీలవి 5 సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి. పెద్దల కాలంలోనూ నీళ్లకి ఇదే గుణం.

#12 కొబ్బరాకు

ముక్కు గురించి ఎవరూ రాయలేదు. గోరువెచ్చని, వేడి మంచినీళ్లలో బతికే నెగ్లేరియా అనే అమీబా ఒకటుంది. తాగితే ఏం కాదు, ముక్కులోకి నీళ్లు గట్టిగా పోతే మెదడుకి చేరుతుంది. చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు అతి తక్కువ. 2024, 2025ల్లో కేరళలో వచ్చిన మెదడు అమీబా కేసుల వార్తలు చూసే ఉంటారు. ఖీర్‌గంగాలో ఉందని అనడం లేదు. ఏ వేడినీళ్ల గుండంలో అయినా పాటించాల్సిన సూత్రం ఒక్కటే: తల మునగకూడదు. బాబు బుడుంగుమని మునిగే రకమైతే ముక్కు క్లిప్పు కొనండి, లేదా నడుము లోతుకి మించి దింపకండి.

#13 మల్లెల_మూట

ఆడవాళ్ల చోటు గురించి. పైన మగవాళ్లది బయటకి తెరిచి ఉన్న సిమెంటు గుండం. ఆడవాళ్లకి విడిగా, చుట్టూ గోడతో ఉంది. చిన్నది, కాబట్టి మధ్యాహ్నం వరస కట్టాల్సి రావచ్చు. అది శివుడి స్థలం, పైన గుడి ఉంది. సబ్బు, షాంపూ, నూనె వాడకూడదు. వాడిన నీళ్లు నేరుగా వాగులోకే పోతాయి. స్నానానికి ముదురు రంగు కాటన్ కుర్తా, లెగ్గింగ్స్ సుఖం. చీరతో దిగితే తడి బరువుకి మెట్లెక్కడం కష్టం. వెండి పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు ముందే తీసి సంచిలో వేసుకోవాలి, గంధకం తగిలితే నల్లబడతాయి. గట్ల మీద, కాలవల్లో తెల్లటి జిగురు పొరలు కనబడతాయి, అది మురికి కాదు. కానీ దాని మీద కాలు పడితే జారుతుంది. రబ్బరు అడుగున్న చెప్పులు వేసుకునే నడవండి.

బయటికొచ్చాక మొదటి ఐదు నిమిషాలు ముఖ్యం. అక్కడ గాలి చల్లగా కొడుతుంది. తడి బట్టలు విప్పి, పూర్తిగా తుడుచుకుని, పొడి బట్టలు, తలకి ఉన్ని టోపీ. జడ పిండి తువ్వాలు చుట్టుకోవాలి. పొడి జతని విడిగా పాలిథిన్ కవర్లో ముడేసి పెట్టుకోండి. సంచి వానకి తడిసినా అదొక్కటి పొడిగా ఉండాలి. జీన్స్ వద్దు, తడిస్తే రోజంతా ఆరవు.

#14 ఇప్పపువ్వు

సంచిల ఏముండాలె: మనిషికి 2 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, రెయిన్‌కోటు, తలకి కట్టుకునే టార్చి మనిషికొకటి (ఫోన్ లైటు లెక్కలోకి రాదు, చేతులు ఖాళీ ఉండాలె), దిగుడుకి చేతికర్రలు, అమ్మ మాత్రలు రెండు చోట్ల విడివిడిగా. నగదు కసోల్‌లనే తీసుకో. పైన నెట్‌వర్క్ ఉండదు, ఫోన్‌పే నడవదు. తినడానికి పులిహోర మంచిగుంటది, సాయంత్రం దాకా పాడుగాదు. ఢాబాల మ్యాగీ, రాజ్మా అన్నం దొరుకుతయి గానీ ఎత్తు పెరిగేకొద్దీ రేటు పెరుగుతది.

ఇంకోటి. దారిల సామాన్ల కంచర గాడిదలు ఎదురొస్తయి. గంటల చప్పుడు ఇనబడంగనే కొండ దిక్కు ఆనుకొని నిలబడాలె. లోయ దిక్కు నిలబడితే మూట తగిలి కిందపడతరు. బాబుకి ముందే చెప్పు.

#15 ఏటిగట్టు

నది గురించి ఒక్క మాట, అందరూ చదవండి. బర్షైనీ దగ్గరున్న డ్యామ్ 800 మెగావాట్ల పార్వతి-2 ప్రాజెక్టుది. డ్యామ్ కింద నది చిన్నగా, రాళ్లు తేలి, దిగి ఫొటో తీసుకోవచ్చు అన్నట్టు ఉంటుంది. అది తలుపులు మూసి ఉండటం వల్ల. పైన వాన పడితే నీళ్లు వదులుతారు. 2014 జూన్ 8న థలౌట్ దగ్గర బియాస్ నదిలో దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకి కొట్టుకుపోయారు. ఈ పార్వతి భుంతర్ దగ్గర కలిసేది ఆ బియాస్‌లోనే. కసోల్‌లో, బర్షైనీలో, మణికరణ్‌లో ఎక్కడైనా సరే, రాళ్ల మీదకి దిగొద్దు. సైరన్ వినబడ్డాక పరిగెత్తే టైం ఉండదు.

జూలై, ఆగస్టుల్లో అసలు వెళ్లొద్దు. కొండచరియలు, కొట్టుకుపోయే వంతెనలు. అక్టోబర్ బాగుంటుంది. డిసెంబర్ నుంచి మంచు.

#16 భద్రాద్రి_బాట

అంత దూరం దేనికి? భద్రాచలం పక్కన గుండాలలో గోదారి ఒడ్డున ఇసక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి వేడినీళ్లు వాటంతటవే పొంగుతాయి, సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల భూతాప విద్యుత్ యూనిట్ కూడా పెట్టింది. పక్కన అగ్నిపర్వతం ఏమీ లేదు. భూమి పగుళ్లలో లోతుకి దిగిన వాననీళ్లు వేడెక్కి పైకొస్తాయి. హిమాలయాల్లోనూ జరిగేది ఇంచుమించు అదే, అక్కడ పగుళ్లు లోతు, రాయి వేడెక్కువ.

#17 పెద్దచెరువు_కట్ట

భద్రాద్రి_బాట గారూ, గుండాల శీతాకాలంలో చూస్తాం. గోదారి నిండుగా ఉంటే ఆ ఇసక కనబడదు కదా.

అందరివీ కలిపి ఇలా అనుకుంటున్నా: ఢిల్లీ నుంచి రాత్రి బస్సు, పొద్దున భుంతర్‌లో దిగి కారులో మణికరణ్, సాయంత్రానికి బర్షైనీ. రెండో రోజు పొద్దున 5:30కి నక్తాన్ దారి, రాత్రి బర్షైనీలోనే. మూడో రోజు కల్గా. అమ్మ 40 అంతస్తుల పరీక్ష నెగ్గకపోతే ఆమె, మా ఆవిడ మణికరణ్‌లో ఉంటారు.

#18 దేవదారు_నీడ

ఒక్క మార్పు. రాత్రంతా మలుపుల రోడ్డు మీద బస్సులో కూర్చుని, మర్నాడే 800 మీటర్లు ఎక్కకండి. పిల్లాడికి వాంతులయ్యి ఉంటాయి, ఎవరికీ నిద్ర ఉండదు. మొదటి రాత్రి కసోల్‌లోనో మణికరణ్‌లోనో, రెండో రాత్రి బర్షైనీలో, మూడో రోజు ఎక్కుడు. ఎత్తు కూడా మెట్లు మెట్లుగా అలవాటవుతుంది: కసోల్ 1,600 లోపు, బర్షైనీ 2,200, ఆ తర్వాత గుండం. కల్గాకి నాలుగో రోజు పెట్టుకోండి.

వెనుదిరిగే గడియారం కూడా ముందే ఒప్పుకోండి. 9:30 కల్లా రుద్రనాగ్ వంతెన దాటకపోతే జలపాతం దగ్గర పులిహోర తిని వెనక్కి. పైకి ఎప్పుడు చేరినా సరే, మధ్యాహ్నం 1:30కి దిగుడు మొదలు. లోయలో సూర్యుడు కొండ చాటుకి త్వరగా పోతాడు, అడవిలో 5:30కే మసక.

#19 మల్లెల_మూట

అమ్మగారు మణికరణ్‌లో ఉంటే తోచదేమోనని దిగులు వద్దు. గురుద్వారాలో ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరువేరు స్నానాల చోట్లున్నాయి, చన్నీళ్లు కలిపి పంపుతారు కాబట్టి ఒంటికి పడుతుంది. తలమీద కొంగో చున్నీయో ఉండాలి. లంగర్‌లో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, ఎవరికైనా భోజనం పెడతారు. అక్కడ వేడి గుహ అని ఒకటుంది. బీపీ ఉన్నవాళ్లు తొంగిచూసి వచ్చేయాలి, లోపల కూర్చోకూడదు. నేల కూడా కొన్నిచోట్ల కాలుతుంది, చెప్పులు బయటే కాబట్టి మందపాటి సాక్సులు తీసుకెళ్లండి.

ఊట పుట్టే చోట నీళ్లు 90 డిగ్రీలు దాటి మరుగుతుంటాయి. కమ్మీల అవతలికి చెయ్యి పెట్టొద్దు, బాబు చెయ్యి వదలొద్దు. బియ్యం గుడ్డలో మూటకట్టి తాడుతో ఆ నీళ్లలోకి దింపితే ఇరవై నిమిషాలు అటూ ఇటూగా అన్నం అవుతుంది. మూట సగానికే నింపి వదులుగా కట్టాలి. బిగించి కడితే బియ్యం ఉబ్బడానికి చోటు లేక మధ్యలో పలుకు మిగిలిపోతుంది.

#20 పెద్దచెరువు_కట్ట

సోనామసూరి పట్టుకెళ్తే అవుతుందా, బాస్మతే కావాలా?

#21 మల్లెల_మూట

ఏదైనా అవుతుంది. ముందు అరగంట నానబెట్టండి.